చిన్న దీవి – పెద్ద పందెం

పిల్లలూ!

ఉద్దానం ప్రాంతంలోని ఒక పల్లెనుంచి ఒక అబ్బాయి మన పేజీకి ఉత్తరం రాశాడు. ముందు అది చదివి వినిపిస్తాను, వినండి.

"బాబాయిగారూ, నమస్కారం. బడి వదిలాక మేము రోజూ జీడితోట పక్కన ఇసక నేలమీద ఫుట్‌బాల్ ఆడుతూ ఉంటాము. మా వీధిలో ఎంత లెక్కపెట్టినా ఎనిమిదిమందిమే. పక్క ఊరు పెద్దది. వాళ్ళకు పదకొండుమంది గాక, బయట కూర్చోడానికి ఇంకో అయిదుగురున్నారు. వాళ్ళతో మూడు పందాలు వేశాము. మూడూ ఓడిపోయాము. ఇక ఆడడం దండగ అని మావాళ్ళు అంటున్నారు. మా ఊళ్ళోనే పై వీధిలో ఆరుగురు ఆడేవాళ్ళున్నారు గాని, వాళ్ళు వేరు, మేము వేరు. చిన్న ఊరివాళ్ళు పెద్ద ఊరివాళ్ళతో ఆడకూడదా? మీరేమంటారు?"

చూశారా, ఎంత మంచి ప్రశ్న అడిగాడో! దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చును. కాని అలా చెబితే మీరు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారు. అందుకని ఈ నెల మిమ్మల్నందరినీ సముద్రం దాటించి ఒక దీవికి తీసుకుపోతాను. భయపడకండి. అక్కడ మనకు చుట్టాలున్నారు!

మీ బడిలో ప్రపంచపటం ఉంటే దాని దగ్గిరికి పోయి నిలబడండి. వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఉన్నది గదా, అక్కడ వేలు పెట్టండి. వేలిని తీరం వెంట మెల్లగా కిందికి జరపండి. భీమునిపట్నం, విశాఖపట్నం దాటండి. గోదావరి దాటండి. శ్రీలంకను చుట్టుకుని, హిందూమహాసముద్రంలో నైరుతి దిక్కుగా పోండి. అలా చాలా దూరం పోయాక మడగాస్కర్ అనే పెద్ద దీవి వస్తుంది. దానికి తూర్పున, జాగ్రత్తగా చూస్తే, ఆవగింజంత చుక్క కనిపిస్తుంది. అదే మారిషస్. ఆఫ్రికా తీరానికి అది సుమారు 2,000 కిలోమీటర్ల దూరాన ఉన్నది.

ఆ దీవి ఎంత ఉంటుందనుకున్నారు? పొడుగు సుమారు 65 కిలోమీటర్లు. అంటే, శ్రీకాకుళంలో బస్సెక్కి విజయనగరంలో దిగితే, రమారమి ఆ దీవిని ఈ కొసనుంచి ఆ కొసకు చుట్టివచ్చినట్టే! ఈనాడు అక్కడి జనం 12 లక్షల చిల్లర. 2011 జనాభా లెక్కల్లో ఒక్క విజయనగరం జిల్లాలోనే 23 లక్షలకు పైగా ఉన్నారు. ఆ దేశం మొత్తం కలిపినా అప్పటి మన జిల్లాలో సగమన్నమాట.

మరి అంత దూరాన మనకు చుట్టాలు ఎలా వచ్చారు? అది కూడా చెబుతాను.

మారిషస్‌లో ఒకప్పుడు ఎటు చూసినా చెరకు తోటలే. ఆ తోటల్లో పనిచేయించడానికి దొరలు ఆఫ్రికానుంచీ, మడగాస్కర్‌నుంచీ మనుషులను బానిసలుగా పట్టుకొచ్చేవారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. విడుదలైనవాళ్ళలో చాలామందికి మళ్ళీ ఆ తోటల మొహం చూడబుద్ధి కాలేదు. దొరలకు కూలీలు కావలసివచ్చారు. వాళ్ళ చూపు మన దేశంమీద పడింది. ఇన్నేళ్ళు పనిచేస్తామని ఒప్పందం కాగితం రాయించుకుని, జనాన్ని ఓడ ఎక్కించేవారు. 1834 మొదలు 1910 దాకా సుమారు నాలుగున్నర లక్షలమంది మన దేశంనుంచి అలా పోయి ఆ దీవిలో దిగారు. వాళ్ళు ఎక్కిన రేవు మెట్లు ఈనాటికీ ఉన్నాయి. ఆ చోటును 'ఆప్రవాసీ ఘాట్' అంటారు. 2006లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు.

ఓడ ఎక్కినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, విజయనగరమేమో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ రెండు జిల్లాలనుంచీ, గోదావరి సీమనుంచీ జనం బతుకుతెరువు వెతుక్కుంటూ పోయారు. అప్పట్లో గోదావరి ముఖద్వారాన కోరంగి పెద్ద రేవు. అక్కడ ఓడ ఎక్కి వచ్చారు గనుక, మారిషస్‌లో తెలుగువాళ్ళకు 'కోరంగివాళ్ళు' అనే పేరు పడిపోయింది.

వాళ్ళు తమ వెంట మూటా ముల్లె పెద్దగా పట్టుకుపోలేదు. భాషనూ, పండగలనూ, దేవుళ్ళనూ పట్టుకుపోయారు. ఈనాటికీ ఉగాది నాడు ఆ దేశమంతటికీ సెలవు. అక్కడి బళ్ళలో తెలుగు నేర్పుతారు. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామభజన చేస్తారు. నతాషా అప్పన్న అని అక్కడ పుట్టిన ఒక రచయిత్రి ఉన్నారు. ఆమె నవలలు రాసేది ఫ్రెంచి భాషలో. కాని ఇంటిపేరు చూడండి, మన సింహాచలం కొండమీది అప్పన్నే! మన ఊళ్ళలో వీధికి ఒక అప్పన్న ఉంటాడు గదా!

సరే, మరి ఫుట్‌బాల్ మాట ఏమిటంటారా? వస్తున్నాను.

మారిషస్ ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది. 1810లో ఇంగ్లీషువాళ్ళు దానిని గెలుచుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు పోయినచోటికల్లా ఫుట్‌బాల్ వాళ్ళ వెంట పోయింది. దీవిలో ఊరూరా బంతి దొర్లసాగింది. అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ చిన్న దీవిలో ఎన్ని రకాల మనుషులున్నారో చూడండి: ఆఫ్రికానుంచి వచ్చినవాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, చీనావాళ్ళు, మన దేశంనుంచి పోయిన బీహారీలు, తమిళులు, తెలుగువాళ్ళు, మరాఠీలు, గుజరాతీలు. వీళ్ళలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, క్రైస్తవులున్నారు. ఎవరికి వారు తమతమ ఫుట్‌బాల్ క్లబ్బులు పెట్టుకున్నారు. 'హిందూ కేడెట్స్' అని ఒకటి, 'ముస్లిం స్కౌట్స్' అని ఒకటి, 'తమిళ్ కేడెట్స్' అని ఒకటి. ఫ్రెంచి దొరల సంతతివాళ్ళకు 'డోడో క్లబ్' అని ఇంకొకటి. క్లబ్బుల పేర్లు చూస్తేనే ఎవరు ఎవరి పక్షమో తెలిసిపోతుంది. మైదానంలో ఆట ఆడేది ఇరవై ఇద్దరే అయినా, చుట్టూ నిలబడి అరిచేది రెండు జాతులూ, రెండు మతాలూ!

ఇలా ఉండగా 1968 మార్చి 12న మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ చారల జెండా ఎగిరింది. దేశమైతే ఒకటే. కాని ఆ దేశంలోని మనుషులు 'మేమంతా ఒకటి' అనుకోవడానికి ఏదో ఒకటి కావాలి గదా! ఆ ఏదో ఒకటి ఒక్కొక్కప్పుడు బంతి రూపంలో వస్తుంది.

1974లో ఈజిప్టులో ఆఫ్రికా ఖండపు ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. ఆఫ్రికా అంతటికీ ఇంతకు మించిన ఫుట్‌బాల్ పండగ లేదు. ఖండం మొత్తంలో ఎనిమిది జట్లకే అందులో చోటు. ఆ ఎనిమిదింటిలో మారిషస్ ఒకటి! అప్పటికి ఆ దేశంలో జనం తొమ్మిది లక్షలైనా లేరు. స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్ళయినా నిండలేదు. నిన్నటిదాకా వేరువేరు క్లబ్బుల చొక్కాలు తొడుక్కుని ఒకరితో ఒకరు తలపడినవాళ్ళు, ఇప్పుడు ఒకే చొక్కా తొడుక్కుని ఈజిప్టుకు పోయారు.

ఎనిమిది జట్లను రెండు గుంపులుగా చేశారు. మారిషస్ పడిన గుంపులో మిగిలిన మూడు జట్లు ఏవో తెలుసా? ఒకటి కాంగో. అంతకు ముందు 1972లో జరిగిన పోటీల్లో కప్పు గెలిచింది అదే. రెండవది జయీర్. 1974లో కప్పు గెలవబోయేది అదే. మూడవది గినీ. అంటే, నిన్నటి విజేత ఒక పక్క, రేపటి విజేత మరో పక్క. నడుమ చిక్కుకున్నది మన ఆవగింజంత దీవి!

ఏం జరిగిందో దాచకుండా చెబుతాను. కాంగోతో ఆడి 2–0తో ఓడిపోయారు. గినీతో ఆడి 2–1తో ఓడిపోయారు. జయీర్‌తో ఆడి 4–1తో ఓడిపోయారు. మూడు పందాలు, మూడు ఓటములు. మన ఉద్దానం అబ్బాయిలాగే!

"ఇందులో ఇంత గొప్పగా చెప్పడానికి ఏమున్నది?" అంటారేమో. కాస్త ఆగి ఆ అంకెలు మళ్ళీ చూడండి. గినీతో ఓడింది ఒక్క గోలు తేడాతోనే. ఇక జయీర్ సంగతి. ఆ పోటీల్లో జయీర్ ఆటగాడు ఎన్‌డాయే ములాంబా ఒక్కడే తొమ్మిది గోళ్ళు కొట్టాడు. ఆ ఏడే జయీర్ పశ్చిమ జర్మనీకి పోయి ప్రపంచకప్పు ఆడింది. సహారా ఎడారికి దిగువనున్న నల్లవాళ్ళ దేశాల్లో ప్రపంచకప్పుకు పోయిన మొదటి జట్టు అదే. అంతటి జట్టు వలలో మారిషస్ బంతి ఒకసారి పడింది. ఆ ఒక్క గోలునూ ఎవరూ చెరిపెయ్యలేరు.

పోటీలు జరిగింది మార్చి నెల మొదటి పక్షంలో. ఆ పక్షంలోనే మార్చి 12 వచ్చింది. మారిషస్‌కు ఆరవ స్వాతంత్ర్య దినోత్సవం అది. మూడు పందాలూ ఓడినా, ఆ ఏడు పండగ నాటికి ఆ దేశానికి తనదంటూ ఒక జట్టు ఉన్నది.

మారిషస్ జట్టుకు 'డోడోలు' అని ముద్దుపేరు. డోడో అంటే ఏమిటో తెలుసా? అది పావురాల జాతికి చెందిన పెద్ద పక్షి. ఒక్క మారిషస్‌లోనే ఉండేది. ఆ దీవిలో దానికి శత్రువులు లేరు. తినడానికి పళ్ళు నేలమీదే దొరికేవి. కాబట్టి ఎగరవలసిన పని లేక తరతరాలుగా రెక్కలు కుదించుకుపోయి, లావుగా, బరువుగా తయారయింది. నావికులు వచ్చారు, వాళ్ళ ఓడల్లో ఎలుకలూ, పందులూ, కోతులూ వచ్చాయి. అవి నేలమీద పెట్టిన గుడ్లు తినేశాయి. 1600ల చివరికి లోకంలో ఒక్క డోడో కూడా మిగలలేదు. ఎగరలేని పక్షి పేరు పెట్టుకున్న జట్టు సముద్రం మీదుగా ఎగిరిపోయి ఆఫ్రికా పోటీల్లో ఆడింది చూశారా!

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. కాని నిజం చెప్పేటప్పుడు తీపి ఒక్కటే ఏరి పెట్టకూడదు.

జాతీయ జట్టు ఒకటే అయినా, దీవిలో క్లబ్బుల మధ్య పోరు చల్లారలేదు. పాత పేర్లు మార్చుకోవలసివచ్చినా, పాత పక్షాలు మిగిలే ఉన్నాయి. 1999 మే 23న రెండు పెద్ద క్లబ్బుల మధ్య ఆట జరిగింది. ఓడిన పక్షంవాళ్ళు కొందరు ఆవేశం పట్టలేకపోయారు. ఆ రాత్రి రాజధాని పోర్ట్ లూయీలో అల్లర్లు చెలరేగాయి. ఒక భవనానికి నిప్పు పెట్టారు. ఏడుగురు ప్రాణాలు పోయాయి. వాళ్ళలో పసిపిల్లలు కూడా ఉన్నారు. ఒక బంతి ఆట, పిల్లలూ! గోలు పడినా పడకపోయినా తెల్లవారి సూర్యుడు వచ్చేవాడే. పోయిన ఆ ఏడుగురు మాత్రం మళ్ళీ రాలేదు.

అప్పుడు ప్రభుత్వం క్లబ్బుల పోటీలను ఆపివేసింది. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఒక కొత్త కట్టడి చేసింది. ఇకమీద మతం పేరిట, జాతి పేరిట క్లబ్బులు ఉండకూడదు. ఊరి పేరిట, ప్రాంతం పేరిట ఉండాలి. అంటే, ఒక ఊళ్ళో ఉండే హిందువూ, ముస్లిమూ, క్రైస్తవుడూ, తమిళుడూ, తెలుగువాడూ అందరూ కలిసి తమ ఊరి జట్టు కోసం అరవాలన్నమాట. ఇలా మార్చడం వల్ల మునుపటిలా మైదానాలు జనంతో కిటకిటలాడలేదు. పాత కక్షలలో ఉన్న వేడి కొత్త జట్లకు వెంటనే ఎక్కడ వస్తుంది? కాని 2003లో హిందూమహాసముద్రంలోని దీవులకు జరిగే ఆటల పోటీలు మారిషస్‌లోనే జరిగినప్పుడు, ఫుట్‌బాల్‌లో బంగారు పతకం ఆ జట్టుకే దక్కింది. 1985లో ఒకసారి గెలిచారు, మళ్ళీ అప్పుడే.

ఆఫ్రికా ఖండపు పెద్ద పోటీల్లో మాత్రం, 1974లో ఆడిన ఆ మూడు పందాలే ఇప్పటిదాకా మారిషస్ లెక్క.

ఇంకొక ముచ్చట చెప్పి మిమ్మల్ని తిరిగి ఇంటికి తీసుకువస్తాను. 2024 సెప్టెంబరు 3న మారిషస్ జట్టు మన తెలుగునాటికి వచ్చింది. హైదరాబాదులో గచ్చిబౌలి దగ్గర బాలయోగి క్రీడామైదానం ఉన్నది గదా, అక్కడ మన భారత జట్టుతో ఆడింది. అప్పటి ప్రపంచ పట్టికలో మన జట్టు స్థానం 124, మారిషస్ స్థానం 179. మన దేశంలో 140 కోట్ల జనం, వాళ్ళ దేశంలో 12 లక్షల చిల్లర. అంటే వాళ్ళు ఒక్కరైతే మనం వెయ్యిమందికి పైన! మరి ఆట ఎలా ముగిసింది? 0–0. తొంభై నిమిషాలూ మన వెయ్యిమందినీ ఆ ఒక్కడు నిలబెట్టేశాడు! తరవాత సిరియాతో 2–0తో ఓడి ఇంటికి పోయారనుకోండి. అయినా, ఎన్నడో ఓడ ఎక్కి పోయిన కోరంగివాళ్ళ దేశం విమానం ఎక్కి వచ్చి తెలుగు గడ్డమీద ఓడకుండా నిలబడడం మనకు కాస్త ముచ్చటగానే ఉంటుంది. మన జట్టు గెలవలేదని బెంగ కూడా ఉంటుంది. రెండూ ఉండవచ్చును, తప్పులేదు.

ఇది ఎలా సాధ్యమవుతుందో ఆలోచించారా? పెద్ద దేశానికి ఒక లాభం ఉన్నది. కోట్లమంది పిల్లల్లోంచి ఏరుకోవచ్చు. కాని ఎంత ఏరుకున్నా మైదానంలో దిగేది పదకొండుమందే. గోలు కట్టు ఎవరికైనా 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తే. పెద్ద దేశానికి చిన్నదీ, చిన్న దేశానికి పెద్దదీ కట్టరు. కాబట్టి చిన్నవాళ్ళు చేయవలసింది ఒక్కటే. ఉన్న కొద్దిమందిలో ఒక్కరినైనా పోగొట్టుకోకూడదు.

ఐస్‌లాండ్ అనే మంచుదీవి చేసింది అదే. 2016 నాటికి అక్కడ జనం మూడున్నర లక్షలైనా లేరు. చలికాలంలో బయట ఆడడానికి వీలుండదు. అందుకని ఊళ్ళలో కప్పు వేసిన పెద్ద ఆటశాలలు కట్టించారు. చిన్నపిల్లలకు సైతం బాగా చదువుకున్న శిక్షకులను పెట్టారు. 2016లో ఐరోపా పోటీల్లో ఆ జట్టు ఇంగ్లాండును 2–1తో ఓడించింది. 2018లో ప్రపంచకప్పుకు పోయి అర్జెంటీనాతో 1–1గా సరితూగింది. ఆనాటి వాళ్ళ శిక్షకుడు పళ్ళ డాక్టరు. మెస్సీ కొట్టిన పెనాల్టీని ఆపిన గోలీ సినిమాలు తీసే మనిషి!

ఆ తరవాత 2025 నవంబరులో కురసావ్ అనే కరేబియన్ దీవి 2026 ప్రపంచకప్పుకు అర్హత సంపాదించింది. అది నెదర్లాండ్స్ రాజ్యంలో భాగమైనా తన పాలన తాను చూసుకుంటుంది. అక్కడి జనం లక్షన్నర పైచిలుకు. మన విజయనగరం పట్నంలో ఉన్నంతమంది కూడా లేరు! అంత తక్కువ జనం ఉన్న దేశం ఏదీ అంతకు ముందు ప్రపంచకప్పుకు అర్హత సంపాదించలేదు. ఆ జట్టులో చాలామంది నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగినవాళ్ళే. వాళ్ళ అమ్మానాన్నలో, తాతలో సముద్రం దాటి పోయారు. పిల్లలేమో దీవి పిలిస్తే వచ్చారు. "నువ్వు ఇక్కడ పుట్టలేదు, నువ్వు వేరు" అని దీవి అనలేదు. "నువ్వు వేరు" అంటే ఆ దీవికి పదకొండుమంది ఎక్కడ దొరుకుతారు?

ఇప్పుడు మన ఉద్దానం అబ్బాయికి జవాబు రాస్తాను.

బాబూ, చిన్న ఊరివాళ్ళు పెద్ద ఊరివాళ్ళతో నిక్షేపంగా ఆడవచ్చును. మూడు పందాలు ఓడిపోయామని సిగ్గుపడకు. మారిషస్ మూడు పందాలు ఓడి యాభై ఏళ్ళు దాటింది. అయినా ఆ దేశంలో ఆటను గురించి మాట్లాడేవాళ్ళు ఆ మూడు పందాలనూ మరిచిపోలేదు. ఆడకుండా ఇంట్లో కూర్చుని ఉంటే తలుచుకోవడానికి అవి కూడా ఉండేవి కావు.

కాని నీ ఉత్తరంలో నువ్వు అడిగిన ప్రశ్న కంటే, అడగకుండా రాసిన ఒక చిన్న మాట నాకు పెద్దదిగా కనిపించింది. "పై వీధిలో ఆరుగురున్నారు గాని, వాళ్ళు వేరు" అని రాశావు. మీ తాతలనాడు ఏం జరిగిందో, ఎందుకు వేరయ్యారో నాకు తెలియదు. మీకూ తెలియదేమో. మీ పెద్దవాళ్ళను అడిగి చూడండి. అడిగి, విని, ఆ తరవాత ఒక సాయంత్రం బంతి చంకన పెట్టుకుని పై వీధికి పోండి. మొదటి రోజు వాళ్ళు రాకపోవచ్చు. రెండవ రోజు ఒకడు గోడమీద కూర్చుని చూస్తాడు. బంతి వాడి వైపు దొర్లనివ్వండి. బంతి కాళ్ళ దగ్గిరికి వస్తే తన్నకుండా ఊరుకునే కుర్రాడు ఏ వీధిలోనూ ఉండడు.

ఎనిమిదీ, ఆరూ ఎంత? ఆ లెక్క నేను చేసిపెట్టనక్కరలేదు. పదకొండుమంది పోగా బయట కూర్చోడానికి ఎందరు మిగులుతారో కూడా మీరే చూసుకోండి. నాలుగవ పందెం ఎలా జరిగిందో నాకు ఉత్తరం రాయి. గెలిచినా రాయి, ఓడినా రాయి.

తక్కిన పిల్లలారా! మీ ఊళ్ళో కూడా ఒక పై వీధి ఉండే ఉంటుంది. మీ సంగతులు కూడా రాయండి. ఉంటాను మరి.